పేర్లు మారిన ఇంటి కథ - ‘అంటరాని వసంతం’ నవల గురించి

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయండన్నా అని తమ్ముళ్ళు అడిగారు. ‘విద్యార్థి - క్రమశిక్షణ’, ‘కాలం విలువ’ లాంటివి రాయడానికి మనకు పెద్దలు చాలామంది ఉన్నారు. ఈ సంచికలోనే అలాంటివి రెండు మూడు ఉండకపోవు! అందుకని నేను ఒక నవల గురించి రాస్తాను. నవల పేరు ‘అంటరాని వసంతం’. రచయిత జి. కళ్యాణరావు. విరసం ప్రచురణగా 2000లో వచ్చింది. మన హాస్టల్లో చదువుకున్నవాళ్ళు తప్పకుండా చదవాల్సిన పుస్తకాలు ఓ పది ఏరమంటే నేను దీన్ని మొదటి మూడింట్లో పెడతాను.

నవల సంగతి చెప్పేముందు మనందరికీ తెలిసిన ఒక విషయం చెప్పాలి. మనలో చాలామందికి రెండు పేర్లున్నాయి. టెన్త్ మెమో మీద ఒక పేరు, ఇంట్లో పిలిచే పేరు ఇంకోటి. హాజరు పట్టీలో రవికుమార్, ఆదివారం ప్రార్థనలో రాజరత్నం. అడ్మిషన్ ఫారంలో ‘మతం’ అన్న గడి దగ్గర పెన్ను ఆగిపోయి, పక్కవాడు ఏం రాశాడో చూసి నింపినవాళ్ళు ఎందరో ఉంటారు. ఉప్పల్ నుంచి నాచారం, మల్లాపూర్ దాకా బస్తీల్లో ఆదివారం పొద్దున ఒకసారి నడిచి చూడండి. రేకుల షెడ్లలోంచి, మేడమీది అద్దె గదుల్లోంచి ప్రార్థన పాటలు వినబడతాయి. అదే బస్తీలో ఆషాఢం వస్తే బోనం ఎత్తుతారు. ఒక్కోసారి ఒకే ఇంట్లో అమ్మ బైబిల్ చదువుతుంది, అవ్వ ఎల్లమ్మకు మొక్కుతుంది, అన్న గోడమీద అంబేడ్కర్ ఫొటో పెడతాడు. మనకిదేం వింత కాదు. కాని ఈ ముగ్గురూ ఒకే కప్పు కిందికి ఎలా వచ్చారో మనకు ఎవరూ చెప్పలేదు. పాఠ్యపుస్తకాల్లో అది లేదు. ఈ నవలలో ఉంది.

నవలలో ఒకే ఇంటి మనుషుల పేర్లు వరుసగా చూడండి. ఎల్లన్న, సుభద్ర. వాళ్ళ కొడుకు శివయ్య, కోడలు శశిరేఖ. వాళ్ళ కొడుకు రూబేను, కోడలు రూతు. ఆ తర్వాత ఇమ్మానుయేలు, మేరీ సువార్త. ఆ తర్వాత జెస్సీ, రూబీ. పేర్లు చదువుతుంటేనే ఆ ఇంట్లో మధ్యలో ఏదో జరిగిందని తెలిసిపోతుంది. శివయ్యకూ రూబేనుకూ మధ్య ఏం జరిగింది? ఇమ్మానుయేలు తరం వచ్చేసరికి ఆ ఇల్లు రాజకీయాల్లోకి, పోరాటంలోకి ఎందుకు వెళ్ళింది? స్థూలంగా నవల కథంతా ఇదే. తాతను, తండ్రిని, కొడుకును వేరుచేసిన దేవుడు, జెండా ఏమిటి, అన్నీ వేరైనా వాళ్ళను ఒక ఇంటివాళ్ళుగా పట్టి ఉంచినది ఏమిటి అన్నది రచయిత పట్టుకున్న విషయం.

రూతు ఎందుకు చెబుతోంది?

కథ చెప్పేది రూతు. ముసలితనంలో గుర్తుచేసుకుంటూ చెబుతుంది. ఇక్కడ ఒక తమాషా ఉంది. రూతు ఆ వంశంలో పుట్టిన మనిషి కాదు, కోడలిగా వచ్చింది. భర్త రూబేను చెప్పగా విన్న సంగతులు, ఆ రూబేను మరెవరో చెప్పగా విన్నవి, వాటిని ఆమె మోస్తోంది. పుట్టిన ఇంటి కథ కాకపోయినా తన కథగా చేసుకుంది.

బైబిల్లో రూతు గ్రంథం చదివినవాళ్ళకు వెంటనే గుర్తుకొస్తుంది. ఆ రూతు కూడా కోడలే. మోయాబు దేశపు పిల్ల. భర్త చనిపోయాక, పుట్టింటికి వెళ్ళిపొమ్మని అత్త నయోమి ఎంత చెప్పినా వినకుండా అత్త వెంట వెళ్ళి, ఆమె జనాన్నీ ఆమె దేవుణ్ణీ తనవిగా చేసుకుంటుంది. ఇంటిమీద నిబద్ధత, దేవుడిమీద విశ్వాసం రెండూ ఒకే మాటలో కలిసిపోయిన కథ అది. కళ్యాణరావు ఆ పేరును ఊరికే పెట్టలేదని నాకనిపిస్తుంది. బైబిల్ రూతు అత్త వెంట ఆమె ఊరికి నడిచింది. నవల రూతు భర్త జ్ఞాపకాల వెంట ఎన్నెలదిన్ని అనే ఊరికి నడుస్తుంది.

ఎన్నెలదిన్నిలో మాలపల్లెలో పుట్టినవాడు ఎల్లన్న. చిన్నప్పుడే అతనికి ఆట, పాట, వీధినాటకం పిచ్చి పట్టుకుంది. ఉరుముల నాగన్న దగ్గర ఆ విద్య నేర్చుకున్నాడు. పాట కట్టి, పాడుతూ ఊళ్ళు తిరిగాడు. జనం అతన్ని మాలబైరాగి అన్నారు. ఇంట్లో సుభద్ర ఎదురుచూసింది. ఈ భాగం నవలలో అన్నిటికన్నా అందంగా ఉంటుంది. చదువు రానివాడు, అక్షరం రాయనివాడు కవి ఎలా అవుతాడో ఇక్కడ చూస్తాం. మన తెలుగు సాహిత్య చరిత్ర పుస్తకాల్లో నన్నయ, తిక్కన, పోతన ఉంటారు. ఎల్లన్నలాంటివాళ్ళకు ఆ పుస్తకాల్లో చోటు లేదు. ఎందుకంటే వాళ్ళ పాట తాటాకు ఎక్కలేదు. రచయిత కోపమంతా ఇక్కడే ఉంది.

అయితే నాకొక మాట అనాలనిపిస్తుంది. ఎల్లన్న పాట వెంట పోయాడు సరే. ఆ పాటకు లెక్క కట్టింది సుభద్ర. పిల్లవాడిని పెంచింది ఆమె, ఇల్లు నిలబెట్టింది ఆమె. పొలానికి నీళ్ళు రావాల్సినప్పుడు పార పట్టుకుని పెత్తందార్లకు ఎదురు నిలిచిందీ ఆమే. నవల చదివినవాళ్ళు చాలామంది ఎల్లన్న గురించి మాట్లాడతారు. నన్నడిగితే ఆ ఇంటి కథలో అసలు నాయకురాలు సుభద్ర.

కరువు, కాలువ, కొత్త దేవుడు

శివయ్య తరానికి వచ్చేసరికి కరువు వస్తుంది. ఇది కల్పన కాదు. 1876 నుంచి 1878 దాకా మద్రాసు రాష్ట్రాన్ని, దక్కనును ఊడ్చేసిన మహా కరువు. లక్షల మంది చనిపోయారు. ధాన్యం లేక కాదు, కొనే డబ్బు లేక. ధాన్యం ఓడల్లో, రైళ్ళలో కదులుతూనే ఉంది. ప్రభుత్వం కరువు పనులు పెట్టింది. రోజు కూలికి సర్ రిచర్డ్ టెంపుల్ ఒక పౌను ధాన్యం లెక్క కట్టాడు. అర కిలో కన్నా తక్కువ! రోజంతా మట్టి మోసే మనిషికి అది ఏ మూలకు?

ఆ కరువు పనుల్లో ఒకటి బకింగ్‌హాం కాలువ. సముద్రం ఒడ్డున పెదగంజాం నుంచి మద్రాసు మీదుగా కిందికి మరక్కాణం దాకా, 400 కిలోమీటర్ల పైన పొడవున్న కాలువ. అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు దానికి పెట్టారు. తవ్వినవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. ఆ పేర్లు లేనివాళ్ళలో ఇద్దరిని కళ్యాణరావు మనకు చూపిస్తాడు. వాళ్ళే శివయ్య, శశిరేఖ. ఆకలితో కాలువ పనికి వెళ్తే, అంటరానివాళ్ళు మాతోపాటు తవ్వడమేమిటని మిగతా కూలీలు అడ్డం పడతారు. అందరూ ఆకలితోనే వచ్చారు. అయినా ఆకలికన్నా కులమే ముందు నిలబడింది. నవలలో నేను పుస్తకం మూసి కాసేపు ఊరుకున్న చోటు ఇదే.

అప్పుడు మార్టిన్ అనే క్రైస్తవుడు వాళ్ళను చేరదీస్తాడు. అతనూ అంటరానివాడే. శివయ్య క్రైస్తవంలోకి వెళ్తాడు. ఆ ఇంట్లో పేర్లు మారడం అక్కడ మొదలు.

చరిత్రలో దీనికి ఆనవాలుంది. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ అని ఒకాయన ఉండేవాడు. 1866లో ఒంగోలు వచ్చాడు. మతబోధకు రాకముందు సర్వేయరు పని తెలిసినవాడు. కరువు రాగానే బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ పని కాంట్రాక్టు తీసుకుని, మాల మాదిగలకు అక్కడ పని దొరికేట్టు చేశాడు. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. కరువు పనులు నడిచినంత కాలం ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారనే మాట రాకూడదని ఆపాడు. కరువు తగ్గి, కాలువ పని అయిపోయి, ఇక తన దగ్గర ఇవ్వడానికేమీ లేదని చెప్పాక కూడా జనం వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. క్లౌ రాకముందే ఆ ప్రాంతంలో తాళ్ళకొండపాడుకు చెందిన యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద, తోళ్ళ వ్యాపారం చేసుకుంటూ తిరిగేవాడు, తానే వెతుక్కుంటూ ఈ మతం దగ్గరికి వెళ్ళాడు. అంటే దొర వచ్చి మార్చాడనడం సగం నిజమే. మనవాళ్ళు నడిచి వెళ్ళారు అన్నది మిగతా సగం.

తెలంగాణ తమ్ముళ్ళు ఒంగోలు మనది కాదు కదా అనుకోవద్దు. మెదక్ పెద్ద చర్చి తెలుసు కదా. పోస్నెట్ దొర కట్టించాడు. కరువు కాలంలో పని కల్పించి, కూలికి తిండి పెట్టి కట్టించారు. 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది. మెదక్, నిజామాబాద్ వైపు నుంచి మన హాస్టల్‌కు వచ్చిన చాలామంది తాతల పేర్లు మారింది ఆ కాలంలోనే.

‘బియ్యం కోసం మతం మారారు’ అనే మాట మనమంతా ఎప్పుడో ఒకప్పుడు విన్నాం. కొందరు క్లాసులో విన్నారు, కొందరు బస్సులో. ఈ నవల దానికి గట్టిగా జవాబిస్తుంది. బియ్యం కోసమే అయితే మాత్రం అందులో సిగ్గుపడాల్సింది ఎవరు? పక్కవాడు ఆకలితో చస్తుంటే పార కూడా ముట్టనివ్వనివాడా, అన్నం పెట్టినవాడి దేవుణ్ణి మొక్కినవాడా? పైగా శివయ్యకు దొరికింది అన్నం ఒక్కటే కాదు. తనను ముట్టుకుని లేపిన చెయ్యి కూడా దొరికింది.

అయితే రచయిత క్రైస్తవాన్ని కూడా నెత్తిన పెట్టుకోడు. మతం మారితే ఊరు మారలేదు. పెత్తందారు శివయ్యను చూసే చూపు మారలేదు. కొత్త మతంలోకి వచ్చినందుకు దెబ్బలు అదనంగా పడ్డాయి. చర్చిలోకి కూడా కులం చెప్పులు విడవకుండానే నడిచి వచ్చింది. వేరే బెంచీలు, వేరే శ్మశానాలు ఉన్న చర్చిలు మన దేశంలో ఎన్నో. జాషువా సంగతి గుర్తు చేసుకోండి. క్రైస్తవుడు కాబట్టి హిందూ కథలు ఎందుకు రాస్తావని ఒకవైపు, అంటరానివాడు కాబట్టి పద్యం నీకెందుకని ఇంకోవైపు ఆయనను సాధించారు.

తండ్రి మాట, తండ్రి బాట

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇంటికి కట్టుబడి ఉండడం అంటే ఏమిటి? మనకు చిన్నప్పటినుంచి చెప్పేది ఒకటే. తండ్రి మాట జవదాటకూడదు. రాముడు అడవికి వెళ్ళాడు, శ్రవణకుమారుడు కావడి మోశాడు.

ఈ నవలలో ఒక్క కొడుకు కూడా తండ్రి బాటలో నడవడు. ఎల్లన్న కొడుకు పాట వెంట పోలేదు, కొత్త దేవుడి దగ్గరికి పోయాడు. చిన్నప్పుడే తల్లిదండ్రులను పోగొట్టుకుని మిషన్ వాళ్ళ నీడలో పెరిగిన రూబేను, పాత ఊరు ఎన్నెలదిన్నిని వెతుక్కుంటూ వెనక్కి వచ్చాడు. ఆ రూబేను కొడుకు ఇమ్మానుయేలు చర్చి దగ్గర ఆగిపోలేదు, విప్లవ రాజకీయాల్లోకి వెళ్ళాడు. జెస్సీ ఇంకా ముందుకు పోయాడు. ప్రతి తరమూ తల్లిదండ్రుల దారి వదిలింది. కాని తల్లిదండ్రులను వదల్లేదు. ఆ ఇంట్లో చేతులు మారుతూ వచ్చిన ఆస్తి ఒక్కటే: ‘మనవాళ్ళకు ఇలా జరిగింది’ అని చెప్పుకునే కథ. పొలం లేదు, పట్టా లేదు, ఇంటిపేరుకు గౌరవం లేదు. కథ ఉంది. దాన్ని పోగొట్టకుండా పక్క తరానికి అప్పజెప్పడమే ఆ ఇంట్లో కొడుకు ధర్మం, కోడలి ధర్మం.

నూరేళ్ళ కిందటి ‘మాలపల్లి’ పక్కన పెట్టి చూస్తే ఈ తేడా బాగా తెలుస్తుంది. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు రాయవెల్లూరు జైల్లో రాసిన ఆ నవల 1922లో వచ్చింది, మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. అందులోనూ ఒక మాల కుటుంబమే. తండ్రి రామదాసు భక్తుడు, వేదాంతి. ఒక కొడుకు సంగదాసు సంస్కరణ, సహనం దారిలో నడిచి పెత్తందారు చౌదరయ్య దెబ్బకు చనిపోతాడు. ఇంకో కొడుకు వెంకటదాసు తిరగబడి, ధనికులను దోచి పేదలకు పంచే దండుకు నాయకుడవుతాడు. ఇల్లు, భక్తి, రాజకీయం మూడూ అందులోనూ ఉన్నాయి. ఉన్నవ గారు పెద్ద మనసుతో రాశారు, ఆ కాలానికి అది సాహసం. కాని రామదాసును చూస్తే, మాలవాడు గౌరవం పొందాలంటే ఇంత జ్ఞాని, ఇంత శాంతమూర్తి కావాలా అనిపిస్తుంది. ఎల్లన్నకు ఆ అవసరం లేదు. అతను తాగుతాడో, ఏడుస్తాడో, ఇల్లు మరిచి తిరుగుతాడో, అయినా మనిషే. బయటినుంచి ప్రేమగా చూసి రాయడానికీ, లోపల కూర్చుని రాయడానికీ ఉన్న తేడా అది.

ఇంకో మాట. పెద్దింటివాళ్ళకు వంశవృక్షాలుంటాయి, గోత్రాలుంటాయి, తాతల పేర్లు ఏడు తరాలు చెబుతారు. మనకు చెప్పడానికి ఏముంది అని మన పిల్లలు తల దించుకుంటారు. అది తప్పు. మన తెలంగాణలో డక్కలివాళ్ళు పటం పరిచి జాంబపురాణం చెబుతారు. మాదిగల పుట్టుపూర్వాలు చెప్పడమే వాళ్ళ వృత్తి. చిందువాళ్ళు భాగోతం ఆడతారు. చిందు ఎల్లమ్మ పేరు మీరు వినే ఉంటారు, 2005లో చనిపోయారు. అంటే మన వంశాల లెక్క రాసిపెట్టిన పుస్తకాలు లేకపోయినా, దాన్ని నోట పెట్టుకుని తిరిగే మనుషులు ఉన్నారు. రూతు చేసే పని కూడా అదే.

తుపాకీ దగ్గర ఆగే ప్రశ్న

నవల చివరి భాగం గురించి నాకు కొంత పేచీ ఉంది. దాన్ని దాచను.

రచయిత విరసం మనిషి. 2004లో రాష్ట్ర ప్రభుత్వానికీ నక్సలైట్లకూ మధ్య చర్చలు జరిగినప్పుడు వరవరరావు, గద్దర్‌లతో పాటు విప్లవ పార్టీ తరఫు ప్రతినిధిగా ఉన్నారు. 2005 ఆగస్టులో ప్రభుత్వం విరసాన్ని నిషేధించినప్పుడు అరెస్టయ్యారు. కాబట్టి ఆయన కథ ఎటు నడుస్తుందో ముందే ఊహించవచ్చు. పాట నుంచి ప్రార్థనకు, ప్రార్థన నుంచి పోరాటానికి. ఈ నడకలో చివరి మెట్టే సరైన మెట్టు అన్నట్టుగా చివరి భాగం సాగుతుంది. మొదటి భాగంలో మనుషులు మనుషుల్లా మాట్లాడితే, చివర్లో అక్కడక్కడా ఉపన్యాసం వినబడుతుంది. అంబేడ్కర్ దారిని నమ్మేవాళ్ళు ఈ నవలతో ఇక్కడే వాదం పెట్టుకుంటారు. చదువు, ఓటు, రాజ్యాంగం అనే దారి ఎందుకు చిన్నదయిపోయింది అని అడుగుతారు. హైదరాబాదులోనే భాగ్యరెడ్డివర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టి, తర్వాత బడులు పెట్టి, మనం ఈ నేల మొదటి మనుషులం, ఆది హిందువులం అన్నాడు. ఆయన క్రైస్తవంలోకి పోలేదు, బుద్ధుడివైపు చూశాడు. ఆ దారి కూడా మన ఇళ్ళలో ఒక గదే.

ఇప్పుడు, ఇన్నేళ్ళ తర్వాత చదివితే ఆ చివరి పేజీలు ఇంకా బరువుగా ఉంటాయి. 2025 మే నెలలో మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావు ఛత్తీస్‌గఢ్ అడవుల్లో ఎదురుకాల్పుల్లో చనిపోయారు. ఆయనది శ్రీకాకుళం జిల్లా. శవం కోసం ఇంటివాళ్ళు హైకోర్టుకు వెళ్ళాల్సి వచ్చింది. ఆ ఏడాది అక్టోబరులో మల్లోజుల వేణుగోపాల్ లాంటి పెద్ద నాయకులు చాలామందితో కలిసి ఆయుధాలు అప్పగించారు. ఎవరు ఒప్పు, ఎవరు తప్పు అన్న తీర్పు ఈ వ్యాసం పని కాదు. కాని బిడ్డ అడవికి పోతే ఇంట్లో మిగిలిన తల్లికి ఏమవుతుంది అన్న ప్రశ్న పార్టీ ఉన్నా లేకున్నా మిగిలే ఉంటుంది. దానికి ఎదురుగా నవలలో రూతు కూర్చుని ఉంది. మనవడిని ఆపలేదు, పొమ్మనీ అనలేదు అనిపిస్తుంది. కథ చెబుతూ ఉంది. ఆ తర్వాత ఏమవుతుందో నేను చెప్పను, చదవండి.

ఇంకో సంగతి. నవల పుట్టిన నేల పాత ప్రకాశం జిల్లా. కారంచేడు ఆ జిల్లాదే. 1985 జులై 17న అక్కడ ఆరుగురు మాదిగలను చంపారు. గొడవ మొదలైంది మంచినీళ్ళ చెరువు దగ్గర. పశువుల కుడితి బకెట్టు చెరువులో కడగొద్దు, మేం తాగే నీళ్ళు అన్నందుకు. సుభద్ర పార పట్టుకున్నది నీళ్ళ కోసమే, శివయ్య తవ్వబోయి దెబ్బ తిన్నది నీళ్ళ కాలువ దగ్గరే, నూరేళ్ళు గడిచాక మళ్ళీ నీళ్ళే. 1994లో మాదిగ దండోరా మొదలైన ఈదుముడి కూడా ఆ జిల్లాలోదే. నవల అచ్చయిన 2000 నాటికి మాల మాదిగల మధ్య వర్గీకరణ గొడవ ముదిరి ఉంది. హాస్టల్ గదులు కూడా అప్పుడు రెండుగా చీలాయి, పాత విద్యార్థులకు గుర్తుండే ఉంటుంది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణ చేసుకోవచ్చని చెప్పింది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో చట్టం అమల్లోకి వచ్చింది. కోర్టు లెక్క తేల్చింది. నవలలో మాలపల్లె, మాదిగపల్లె రెండూ పక్కపక్కనే ఉన్నాయి, డప్పు చప్పుడు ఇటు నుంచి అటు వినబడుతూనే ఉంటుంది.

ఫారంలో ఆ గడి

మళ్ళీ రెండు పేర్ల దగ్గరికి. తమ్ముళ్ళు ఈ సంగతి స్పష్టంగా తెలుసుకోవాలి, పుకార్లు నమ్మొద్దు. 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులే షెడ్యూల్డు కులాల కిందికి వస్తారు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే ఉన్నారు. మన రెండు రాష్ట్రాల్లో ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి మారినవాళ్ళను బీసీ-సిలో పెట్టారు. వాళ్ళ కోటా ఒక శాతం. 1977లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కొన్ని ఆర్థిక రాయితీలను మాత్రం వాళ్ళకూ వర్తింపజేసింది. 2022 అక్టోబరులో కేంద్రం ఈ విషయం పరిశీలించడానికి జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన కమిషన్ వేసింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు పుదుచ్చేరికి చెందిన ఒక మహిళ కేసులో, చర్చి ధర్మం పాటిస్తూ ఉద్యోగం కోసం హిందువునని చెప్పడం కుదరదని తీర్పు ఇచ్చింది.

చట్టం చట్టమే. దాన్ని తెలుసుకుని నడుచుకోవాలి. కాని ఈ నవల చదివాక ఆ గడి వేరేగా కనబడుతుంది. చట్టం మనిషిని ఒకే పేరుతో రమ్మంటుంది. మన ఇళ్ళలో ఎల్లన్న, శివయ్య, రూబేను ముగ్గురూ ఉన్నారు. శివయ్య దేవుణ్ణి మార్చుకున్న రోజున ఊళ్ళో అతని గుడిసె చోటు మారలేదు, తాగే నీళ్ళ బావి మారలేదు. కాగితం మీద మాత్రం అతను వేరే మనిషయ్యాడు. నాచారం ఫ్యాక్టరీల్లో షిఫ్టు దిగి, అద్దె గదికోసం తిరిగే మనవాళ్ళను ఇంటి ఓనరు అడిగే మొదటి ప్రశ్న ఏమిటో మీకు తెలుసు. ‘ఏ దేవుణ్ణి మొక్కుతావు’ అని అడగడు. ‘మీరేమిట్లు’ అని అడుగుతాడు.

చదవబోయేవాళ్ళకు రెండు మాటలు. మొదటి ముప్పై నలభై పేజీలు కొంచెం కష్టపడాలి. రూతు ముందువెనుకలుగా చెబుతుంది, కాలం ఎటునుంచి ఎటు పోతుందో తెలియదు. అది ప్రకాశం జిల్లా పల్లె యాస. వరంగల్ రోడ్డు వైపు నుంచి, పాలమూరు వైపు నుంచి వచ్చిన తమ్ముళ్ళకు కొన్ని మాటలు కొత్తగా ఉంటాయి. గట్టిగా పైకి చదివితే తొందరగా అర్థమవుతాయి, రాత్రి స్టడీ అవర్ అయ్యాక ఇద్దరు ముగ్గురు కలిసి చదువుకుంటే ఇంకా మంచిది. ఇంగ్లీషు మీడియం వాళ్ళకు ‘అన్‌టచబుల్ స్ప్రింగ్’ అని అల్లాడి ఉమ, ఎం. శ్రీధర్ చేసిన అనువాదం ఉంది. 2010లో ఓరియంట్ బ్లాక్‌స్వాన్ వేసింది. పాటల దగ్గర మాత్రం తెలుగు పుస్తకమే పక్కన పెట్టుకోండి. పేర్లు కలగాపులగం కాకుండా నేను పుస్తకం అట్ట లోపల పెన్సిల్‌తో జంటలు రాసి పెట్టుకున్నాను. ఎల్లన్న-సుభద్ర, శివయ్య-శశిరేఖ, రూబేను-రూతు, ఇమ్మానుయేలు-మేరీ సువార్త, జెస్సీ-రూబీ. ఆ పుస్తకం అడిగి తీసుకెళ్ళిన తమ్ముడొకడు తిరిగి ఇచ్చినప్పుడు, ఆ జాబితా కింద తన తాత పేరు, అవ్వ పేరు కూడా రాసి ఉన్నాయి.